తాత బిగించిన ఆఖరి స్క్రూ

రండి, ఇటు జరగండి. గోడకు ఆనుకున్నవాళ్లు కాస్త ముందుకొస్తే వెనకవాళ్లకి చోటు దొరుకుతుంది. ఆ మూల గుసగుసలు ఇక చాలు. మీ ఇంటి గొడవలు ఎక్కడికీ పారిపోవు, కథ అయ్యాక తీరిగ్గా పోట్లాడుకోండి. దగ్గు వచ్చేవాళ్లు ఇప్పుడే దగ్గేయండి. అయిందా? ఇక నోళ్లకు గడియ పెట్టండి. నేను చెప్పబోయేది మా పెద్దమ్మ ఒక పాత తుపాకీలోంచి ఒక స్క్రూ తీసిన సంగతి. స్క్రూ తీయడం కూడా ఒక కథేనా అని మూతి విరవకండి. ఆ స్క్రూ దెబ్బకి ఒక సర్కారు ఆఫీసు మొహం తిప్పుకుంది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే తిప్పుకుంది.

మా పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. తుపాకులు బాగుచేసేది. ఆ పని మా తాతది, అంటే వాళ్ల నాన్నది. రైలు స్టేషను వెనక సందులో ఇరుకైన పొడుగాటి గది. వీధి వైపు రేకు తలుపు. లోపల ఒక బెంచీ, దానికి బిగించిన వైసు, అదే, ఇనుముని కదలకుండా కరిచి పట్టుకునే పట్టు, గోడ మేకులకి ఆకురాళ్లు పెద్దదాని పక్కన చిన్నది వరసగా. మా తాత స్క్రూ బిగిస్తే ఉడుముపట్టే. ఆయన ఒక స్క్రూ బిగించిన పూట పక్కిళ్ల తలుపు గడియలు కూడా బిగుసుకుపోయి, ఆ ఇళ్లవాళ్లు కిటికీల్లోంచి దిగి పనులకి వెళ్లేవాళ్లట.

పెద్దమ్మ ఆయన దగ్గరే పని నేర్చుకుంది. ఆయన నేర్పింది ఏమీ లేదు, ఈమె కళ్లే నేర్చుకున్నాయి. గది ఊడ్చే వంకతో కొంత చూసింది, అన్నం తెచ్చిన వంకతో కొంత చూసింది. పదిహేడేళ్లు వచ్చేసరికి ఆమె ఆకురాయి చేత్తో పడితే చాలు, ఇనుము తనంతట తానే సిగ్గుపడి సర్దుకునేది.

ఒక్క పని మాత్రం తాత చూడనివ్వలేదు. తుపాకీకి ఆఖరి స్క్రూ బిగించేటప్పుడు రేకు తలుపు మూసేవాడు. ఆ ఆఖరి స్క్రూని లోకంలో ఇంకెవడూ విప్పలేడు. విప్పే కిటుకు వాళ్ల వంశంలో తండ్రి కొడుకు చెవిలోనే చెప్పాలి, అదీ ఒక్కసారే, అదీ మంచం మీంచి ఇక లేవనని తెలిసిన రోజున. కూతురి చెవి ఆ లెక్కలో చెవి కాదు.

ఆ కొడుకు మా మామయ్య, పెద్దమ్మకి తమ్ముడు. తాత ఆఖరి రోజున మామయ్యని దగ్గరికి పిలిచి, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పాడు. మామయ్య తలూపాడు. బయటికొచ్చేసరికి మనిషి రెండంగుళాలు పొడుగయ్యాడు. ఆ రోజు నుంచి ముప్పై ఏళ్లు మామయ్య నడక నడక కాదు, ఊరేగింపు. దుకాణం బోర్డు మీద ఆయన పేరు, కుర్చీలో ఆయన. బెంచీ దగ్గర పెద్దమ్మ. ఆఖరి స్క్రూ ఉన్న పాత తుపాకీ ఏదైనా వస్తే మామయ్య గడ్డం గోక్కుని, దీన్ని విప్పే సమయం ఇంకా రాలేదు అనేవాడు. తెచ్చినవాళ్లు దండం పెట్టి తిరిగి తీసుకెళ్లేవాళ్లు.

పెద్దమ్మకి తాత ఇచ్చింది ఒక్కటే, ఒక తుపాకీ. అప్పటికే పాతది, సైన్యంలో పనిచేసి వచ్చిన రకం. దాని కర్ర విరిగితే కొత్త కర్ర తాత పెద్దమ్మ చేతే చేయించాడు. నాలుగు నెలలు చెక్కింది. గొట్టాన్ని ఆ కర్రలో పడుకోబెడితే మధ్యన దారప్పోగు కూడా దూరలేదు. తాత దాన్ని తిప్పి తిప్పి చూశాడు. తలుపు మూసి ఆఖరి స్క్రూ తనే బిగించాడు. పోయేముందు మాత్రం, దుకాణం వాడికి, ఆ తుపాకీ దీనికి అన్నాడు. పెద్దమ్మ దాంతో గురి పెడితే ఎగిరే దోమకి ఎడమ మీసం ఒక్కటే రాలేది. కుడి మీసం అలాగే ఉండేది, కావాలంటే ఆ దోమనే అడగండి.

ఇక అసలు గొడవకి వద్దాం. ఒక కొత్త ఆర్డరు వచ్చింది. పాత తుపాకుల నంబర్లన్నీ కళ్లారా చూసి కొత్త పుస్తకంలో ఎక్కించాలి. నంబరు కనపడని తుపాకీని కోసి పారేయాలి. లైసెన్సుల ఆఫీసు ఆవరణలో ఒక కోత మిషను దింపారు. తుపాకీని దాని నోట్లో పెడితే ముల్లంగి తరిగినట్టు తరిగేది. దాని చప్పుడికి నాలుగు వీధుల అవతల గడియారాలు కూడా ఉలిక్కిపడి ఒక గంట ముందుకి జరిగేవి.

ఆ ఆఫీసులో కూర్చునే ఆయన్ని అందరూ రూల్సు సారు అనేవాళ్లు. చెడ్డవాడు కాదు పాపం. లంచం తెలీదు, అబద్ధం తెలీదు, రూలు ఒక్కటే తెలుసు. తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని పుస్తకం తిరగేసి, తుమ్మడానికి అనుమతి ఉన్న పేజీ దొరికాకే తుమ్మేవాడు. ఒక్కోసారి సోమవారం వచ్చిన తుమ్ము శుక్రవారానికి గానీ పడేది కాదు.

పెద్దమ్మ తుపాకీ నంబరు గొట్టం అడుగున ఉంది. గొట్టం కర్రలో పడుకుని ఉంది. గొట్టాన్ని పైకి లేపాలంటే ట్రిగ్గర్ దగ్గరున్న రెండు స్క్రూలు తీయాలి. వెనకది పిలవగానే వచ్చింది. ముందుది తాత తలుపు మూసి బిగించిన స్క్రూ.

రూల్సు సారు లైసెన్సు పుస్తకం చూశాడు, తుపాకీ చూశాడు, నంబరు కనపడకపోతే ఇది పుట్టనట్టే లెక్క, కోసేయాలి అన్నాడు.

"పుట్టనిదాన్ని ఎలా కోస్తావు సారూ?" అంది పెద్దమ్మ. "ముందు పుట్టిందని రాసుకో. చంపే సంగతి తర్వాత చూద్దాం."

ఆయన పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. మూడు రోజుల గడువు ఇచ్చాడు. నాలుగోరోజు సాయంత్రం ఐదు దాటితే కోతే. ఇంకో మెలిక కూడా పెట్టాడు. స్క్రూని డ్రిల్లుతో తొలిచినా, కర్రని కోసినా, అది మార్పు చేసిన తుపాకీ కిందికొస్తుంది. మార్పు చేసిన తుపాకీనీ కోసేయాలి. అంటే స్క్రూని స్క్రూలాగే విప్పాలి. ఇంకో దారి లేదు.

మూడు రోజులు దుకాణంలో ఏం జరిగిందో చెప్తే మీకు నూనె వాసన వస్తుంది. యంత్రాలకి పోసే నూనె పోశారు. కిరసనాయిలు పోశారు. రాత్రంతా నానబెట్టి పొద్దున్నే సుత్తితో తట్టారు. పోసిన నూనెకి బెంచీ మీద వాలిన ఈగ జారుకుంటూ వెళ్లి పక్క వీధిలో ఆగింది. స్క్రూ మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. పెద్దమ్మ తమ్ముణ్ణి అడగలేదు. అడిగితే సమయం రాలేదంటాడని ఆమెకి తెలుసు. ఆమె పట్టుదల ఆమెది. మామయ్య మాత్రం మూడోరోజు ఆగలేక, ఆమె చూడనప్పుడు సన్నటి స్క్రూడ్రైవరు ఒకటి స్క్రూ తల మీది గాడిలో పెట్టి తిప్పబోయాడు. గాడి అంచు కాస్త చెదిరింది. పెద్దమ్మ వచ్చి చూసింది. చెదిరిన అంచుని సన్న ఆకురాయితో సరిచేసింది. తర్వాత ఒక లావాటి స్క్రూడ్రైవరు తీసుకుని, దాని కొసని ఆ గాడికి కొలిచి పోసినట్టు సరిపోయేదాకా అరగదీసింది. గాడిలో పెడితే అది తనంతట తానే నిలబడింది.

నాలుగోరోజు పొద్దున్నే తుపాకీని ఒక భుజాన, వైసుని ఇంకో భుజాన వేసుకుని ఆఫీసుకి వెళ్లింది. వెనకాల మామయ్య సంచీ పట్టుకుని వచ్చాడు. ముందుగా పెద్దమ్మ తుపాకీ తెరిచి లోపల గుళ్లేమీ లేవని అందరికీ చూపించింది. తర్వాత ఎవర్నీ అడక్కుండా వైసుని రూల్సు సారు బల్లకే బిగించి, తుపాకీని అందులో పట్టించింది.

ఇది సర్కారు బల్ల అన్నాడాయన.

"గడువు కూడా సర్కారు ఇచ్చిందే కదా సారూ," అంది పెద్దమ్మ. "ఐదింటిదాకా రెండూ నావే. నువ్వు ఒళ్లో పెట్టుకుని రాసుకో."

ఆయన నిజంగానే పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు. రూలు లేని చోట ఆయన కూడా మనలాంటి మనిషే.

పెద్దమ్మ స్క్రూడ్రైవరు గాడిలో నిలబెట్టి, దాని పిడిని పైనుంచి చేత్తో గట్టిగా అదిమి, తిప్పింది. ఊహూ. స్క్రూడ్రైవరు పిడికి అడ్డంగా రెంచీ పట్టించి, మామయ్యని తోయమంది. ఊహూ. ఆవరణలో నీళ్ల పైపు ముక్క ఒకటి పడుంటే తెచ్చి రెంచీకి తొడిగారు. కోత మిషను నడిపే ఆయన కూడా వచ్చి పైపు పట్టుకున్నాడు. ఖాళీగా కూర్చుని విసుగొస్తోందట. వాచ్‌మన్ పట్టుకున్నాడు. పైపు చాలకపోతే దానికి ఇంకో పైపు తొడిగారు. అది గుమ్మం దాటి వరండాలోకి వచ్చింది. వరండాలో పని మీద వచ్చినవాళ్లు నలుగురు పట్టుకున్నారు. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, పదిమంది నిలబడ్డ చోట పదకొండోవాడు ఏంటని కూడా అడక్కుండా నిలబడతాడు. మధ్యాహ్నానికి పైపు గేటు దాటింది. ఇరవై ఏడుమంది దాన్ని పట్టుకుని ఉన్నారు.

పెద్దమ్మ ఒకటి, రెండు, మూడు అంది. అందరూ తోశారు.

కదిలింది. స్క్రూ కాదు. ముందు వైసు కిర్రుమంది, బల్ల ఎక్కడికీ పోకుండా నేలకి బోల్టులు వేసి ఉంది. బల్లతో పాటు గచ్చు కదిలింది, గచ్చుతో పాటు గోడలు కదిలాయి, ఆఫీసు ఆఫీసంతా పునాది మీద మెల్లగా తిరిగింది. తూర్పు కిటికీ పడమటికి వచ్చింది. వీధి వైపు ఉన్న గుమ్మం పెరడు వైపుకి పోయింది. రూల్సు సారు కుర్చీ అప్పటిదాకా నీడలో ఉండేది, ఇప్పుడు ఎండలోకి వచ్చింది. స్క్రూ మాత్రం తాత పెట్టిన చోటే ఉంది. నమ్మకపోతే వెళ్లి చూడండి. ఆ ఆఫీసు ఇప్పటికీ వీధికి వీపు పెట్టి ఉంటుంది. మెట్లెక్కితే గోడ తగులుతుంది.

ఇక చాలు, ఆపండి అంది పెద్దమ్మ. ఇంకాస్త బలం పెడితే స్క్రూ తల తెగిపోతుందని ఆమె చేతికి తెలిసిపోయింది. తల తెగితే తుపాకీ పోయినట్టే. చెమట తుడుచుకుని గోడ గడియారం వైపు చూసింది. నాలుగున్నర. కోత మిషనాయన మెల్లగా బయటికి వెళ్లి మిషనుకి నూనె పోయడం మొదలుపెట్టాడు. తన పని తను చేసుకోవాలి కదా పాపం.

అప్పుడు ఆమె మామయ్య వైపు తిరిగింది. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా అడగని మాట అడిగింది.

"ఒరే తమ్ముడూ, నాన్న ఏం చెప్పాడో నాకు చెప్పొద్దు. వంశం రహస్యం నీ దగ్గరే ఉండనీ. కళ్లు మూసుకుని అటు తిరుగుతాను, నువ్వే విప్పెయ్యి. అరగంటే ఉంది."

మామయ్య గడ్డం గోక్కున్నాడు. గోడ వైపు చూశాడు, తన చెప్పుల వైపు చూశాడు. ఇంకా సమయం రాలేదు అనబోయి ఆగిపోయాడు. పొడుగ్గా ఉండే మనిషి అందరూ చూస్తుండగానే రెండంగుళాలు తగ్గిపోయాడు.

"అక్కా, నాన్న ఎడమ చెవిలో చెప్పాడే," అన్నాడు.

"అయితే?"

"నా ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది కదే. చీము పట్టి. నీకు గుర్తులేదా?"

"మరి తలెందుకూపావురా?"

"పోతున్న మనిషిని ఇంకోసారి చెప్పమని ఎలా అడగనే? ఆయన మంచానికి అటు పక్క గోడ ఉంది. నేను ఇటే కూర్చోవాలి. ఏదో వేడిగా ఊపిరి తగిలింది. అంతే. తలూపాను."

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే. పైపు పట్టుకున్నవాళ్లంతా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ముప్పై ఏళ్లుగా ఆ గడ్డం గోకుడికి ఎంతమంది దండాలు పెట్టారో లెక్కేసుకుంటున్నట్టున్నారు. పెద్దమ్మ తమ్ముణ్ణి కొడుతుందనే అనుకున్నారు అందరూ. ఆమె చేతిలో రెంచీ కూడా ఉంది.

ఆమె నవ్వింది. ముందు చిన్నగా, తర్వాత బల్ల పట్టుకుని నవ్వింది.

"ముప్పై ఏళ్లు నీకు భయపడ్డానురా," అంది. "నీకేదో తెలుసు, నాకు తెలీదు అని. పోనీలే. నాన్న చెప్పింది నీకూ వినపడలేదు, నాకూ వినపడలేదు. ఇప్పుడు ఇద్దరం ఒకటే. ఇక నా చేతులతో నేను చూసుకుంటాను."

ఇంకా చేసేదేముంది అన్నాడు రూల్సు సారు. కోతకి పంపే తుపాకీకి ముందే చీటీ కట్టి, చీటీ ముడికి లక్క సీలు వేయాలని రూలు. ఐదింటికి కోయాలంటే సీలు ఇప్పుడే వేయాలి. ఆయన సొరుగులోంచి చిన్న స్పిరిటు దీపం తీసి వెలిగించాడు. ఎర్రటి లక్క కడ్డీ దాని మంట మీద పెట్టాడు. లక్క మెత్తబడి, బొట్టుబొట్టుగా చీటీ మీద పడింది.

పెద్దమ్మ ముక్కు ఎగబీల్చింది.

ఆ వాసన ఆమెకి తెలుసు. చిన్నప్పుడు దుకాణం బయట, మూసిన రేకు తలుపు కింద సందులోంచి వచ్చే వాసన. లోపల నాన్న పార్సెళ్లకి సీలు వేసుకుంటున్నాడనే అనుకునేది ఎప్పుడూ. ఇప్పుడు తట్టింది. మా తాత జీవితంలో ఒక్క పార్సెలు కూడా కట్టలేదు. తుపాకులు తెచ్చినవాళ్లే వచ్చి పట్టుకెళ్లేవాళ్లు. మరి తలుపు మూసి లక్క ఎందుకు కాచినట్టు?

స్క్రూ ఒంటి చుట్టూ తిరిగే మరలకి పూయడానికి. కరిగిన లక్క మరల మీద పూసి బిగిస్తే, చల్లారాక అది ఇనుముని ఇనుముకి అతికించేస్తుంది. లక్కకి నూనె అంటదు, కిరసనాయిలు ఎక్కదు. ఇరవై ఏడుమంది బలం కూడా చాలదు. దానికి భయం ఒక్కటే, వేడి. మూడు రోజులు వాళ్లు పోసిన నూనెంతా లక్కకి జోలపాట పాడినట్టయింది.

ఇదంతా ఆమె బుర్రలో తిరగడానికి నేను చెప్పినంత సేపు కూడా పట్టలేదు. చెయ్యి చాపి దీపం తీసుకుంది.

అది ఆఫీసు సొత్తు అన్నాడు రూల్సు సారు.

"దీపం నీదే సారూ. వేడి మాత్రం నేను వాడుకుంటాను."

సంచీలోంచి వేలంత లావు ఇనుప కడ్డీ తీసింది. మంట కర్రకి తగిలితే కర్ర కాలుతుంది, కాలిన కర్ర మళ్లీ మార్పు కిందికొస్తుంది. అందుకని మంటని తుపాకీ దగ్గరికి రానివ్వలేదు. కడ్డీ కొసని దీపం మీద కాల్చి, తెచ్చి సరిగ్గా స్క్రూ తల మీద ఆనించి పట్టుకుంది. పొగ లేదు, చప్పుడు లేదు. కడ్డీ చల్లారింది. మళ్లీ కాల్చింది, మళ్లీ ఆనించింది. స్క్రూ చుట్టూ ఉన్న కర్ర మీద తడిగుడ్డ కప్పి ఉంచింది. గడియారం ఐదుకి పన్నెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. దాని ముల్లు కూడా మెడ చాచి వైసు వైపే చూస్తోంది.

అప్పుడు రూల్సు సారుకి ఒక రూలు దొరికింది. ఎండలో కూర్చున్నాడేమో, కాస్త కోపంగానే అన్నాడు. తుపాకీని వేడి చేయడం కూడా మార్పు చేయడమేనట.

"అయితే అవి కూడా రాసుకో సారూ," అంది పెద్దమ్మ కడ్డీ మీంచి కళ్లు తీయకుండా. "బయట ఆవరణలో జనం అప్పగించిన తుపాకులు పొద్దుట్నుంచీ ఎండలో పడి ఉన్నాయి. ఒకదాన్ని ముట్టుకో, చెయ్యి కాలుతుంది. వాటిని వేడి చేసింది ఎవరు? నేనా, నువ్వా?"

వరండాలో ఒకళ్లు కిసుక్కుమన్నారు. రూల్సు సారు పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూశాడు. మింగలేడు, కక్కలేడు.

మూడోసారి కడ్డీ తీసేసరికి, స్క్రూ తల అంచున ఆవగింజంత గోధుమరంగు బొట్టు పైకి ఉబికింది. ముప్పై ఏళ్లు చీకట్లో కూర్చున్న లక్క అది. పెద్దమ్మ దాన్ని గోటితో గీరింది. తను అరగదీసిన స్క్రూడ్రైవరు గాడిలో నిలబెట్టింది. రెంచీ పక్కన పడేసింది, పైపు తీయించేసింది. ముందు బిగించే వైపు ఒక్క పిసరు తిప్పింది. నమ్మకంగా కూర్చున్నదాన్ని ముందు ఇంకాస్త కూర్చోమనాలి, అప్పుడే లేస్తుంది. తర్వాత విప్పే వైపు తిప్పింది.

రెండు వేళ్లతో తిప్పింది. వచ్చేసింది.

స్క్రూ ముప్పై ఏళ్లు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు ఉస్సుమంది. ఆ గాలికి బల్ల మీద కాగితాలు లేచి కిటికీలోంచి బయటికి పోయాయి. వాటిలో కొన్ని ఇంకా ఎగురుతూనే ఉన్నాయి, మొన్న ఒకటి మా డాబా మీద పడింది. మరలు చూస్తే నిన్న కోసినట్టు మెరుస్తున్నాయి, ఒక్క గీత పడలేదు. పెద్దమ్మ గొట్టాన్ని పైకి లేపింది. తను పదిహేడేళ్లప్పుడు చెక్కిన కర్ర లోపలి వైపు తెల్లగా, నిన్ననే చెక్కినట్టు ఉంది. ఒక్క క్షణం దాని మీద బొటనవేలు పెట్టి ఉంచింది. తర్వాత గొట్టాన్ని తిప్పి రూల్సు సారు కళ్ల ముందు పెట్టింది.

ఆయన వంగి చూసి, సరే సరే అన్నాడు.

"సరే అంటే కుదరదు. చదువు సారూ. గేటు దాకా వినపడాలి."

ఆయన చదివాడు. ఏడు, సున్నా, నాలుగు, నాలుగు, తొమ్మిది. వరండాలో ఒకాయన లైసెన్సు పుస్తకం పట్టుకుని ఒక్కో అంకె సరిచూశాడు. సరిపోయింది. పెద్దమ్మ కొత్త పుస్తకంలో రాయించింది, రాసినదాన్ని మళ్లీ చదివించింది. చీటీకి వేసిన సీలు తనే పగలగొట్టి ముక్కలు ఆయన చేతిలో పెట్టింది. బయట కోత మిషనాయన మిషను ఆపేసి చేతులు దులుపుకున్నాడు. ఆయన మొహం చూస్తే ఆ మిషను కన్నా ఆయనకే ఎక్కువ హాయిగా ఉన్నట్టుంది.

అంతటితో ఇంటికి వెళ్లిపోవచ్చు. పెద్దమ్మ వెళ్లలేదు. గొట్టాన్ని కర్రలో పడుకోబెట్టి, వెనక స్క్రూ బిగించి, బల్ల మీదున్న సర్కారు లక్క కడ్డీ తీసుకుని దీపం మీద పెట్టింది. మామయ్యకి విషయం అర్థమైంది. గబగబా వెళ్లి ఆఫీసు తలుపు మూయబోయాడు. వంశం ఆచారం కదా.

"తలుపు తియ్యరా," అంది పెద్దమ్మ.

"అక్కా, అందరూ చూస్తున్నారే. నాన్న పరువు."

"నాన్న మొత్తం చెవిలో చెప్పి ఆ పరువుకి ముప్పై ఏళ్లు తాళం వేసి పోయాడు. ఈ రోజు నా తుపాకీ కొంచెంలో ముక్కలయ్యేది. మన వంశానికి చెవులు సరిగ్గా లేవురా. అందుకే వీధికి చెప్తున్నాను."

తలుపు బార్లా తీయించింది. స్క్రూ మరల మీద కరిగిన లక్క పూస్తూ, చేతిలో ఉన్నది ఉన్నట్టు అందరికీ చూపిస్తూ, గేటు అవతల నిలబడ్డవాడికి కూడా వినపడేలా చెప్పింది. దీన్ని లక్కతో బిగిస్తారు. వేడితో విప్పుతారు. ముందు బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పాలి. స్క్రూడ్రైవరు గాడికి సరిపోవాలి. ఇంతే. ఆడది విన్నా ఇంతే, మగాడు విన్నా ఇంతే. ఆఖరి స్క్రూతో ఇరుక్కుపోయిన తుపాకీ ఎవరింట్లో ఉన్నా రేపు పొద్దున దుకాణానికి తెచ్చుకోండి, మీకే విప్పడం నేర్పి పంపిస్తాను అంది. చెప్తూ చెప్తూనే స్క్రూని లోపలికి బిగించింది. ఈసారి స్టేషను సందులో తలుపులేవీ బిగుసుకోలేదు.

మామయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి సంచీలోంచి ఒక కాగితం ముక్క తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. రెండో వాక్యం దగ్గర ఆగి, స్క్రూడ్రైవరు గురించి ఏదో అన్నావు, ఇంకోసారి చెప్పవే అని అడిగాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఎవర్నైనా ఇంకోసారి చెప్పమని అడగడం అదే మొదలు. పెద్దమ్మ ఆయన కుడివైపుకి వచ్చి నిలబడి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

తుపాకీ భుజానేసుకుని ఆమె బయటికి నడిచింది. వెనక వైపుకి పోయిన గుమ్మంలోంచి వెళ్లాల్సి వచ్చింది కాబట్టి పెరడంతా చుట్టి, వంటచెరకు దాటి, వీధిలోకి వచ్చింది. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చప్పట్లు కొట్టాలంటే చేతులు ఖాళీగా ఉండాలి కదా, అందరూ గాల్లోనే లేని స్క్రూని తిప్పి తిప్పి చూసుకుంటున్నారు, ముందు అటు పిసరు, తర్వాత ఇటు.

గేటు బయట ఒకాయన మాత్రం ఇంకా పైపు కొస పట్టుకునే నిలబడి ఉన్నాడు. పొద్దుట్నుంచీ ఒళ్లు దాచుకోకుండా తోసినవాళ్లలో ఆయనా ఒకడు, చొక్కా పిండితే బకెట్టు నిండుతుంది. ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, పెద్దమ్మకి రెండు చేతులా అందించి అన్నాడు:

"అమ్మా, ఈ వరసలో నా వంతు ఇంకా ఎంతమంది తర్వాత? కుళాయి కనెక్షను దరఖాస్తు."